మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య

ఆగస్టు 26, మంగళవారం

మల్లీశ్వరి. మల్లీశ్వరి. మల్లీశ్వరి.

మూడోసారికి అక్షరాలు వరసలో నిలబడ్డాయి. చెయ్యి నాదే, కానీ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టుంది. వేళ్లు చెప్పిన మాట వినడం లేదు.

జయంతి సిస్టర్ ఏదో మందుల కంపెనీవాళ్లు పంచిన డైరీ తెచ్చిచ్చింది. "రోజూ రెండు ముక్కలు రాయక్కా, చేతికి బలమొస్తాది" అంది. మాట్లాడటానికి వేరే పలక ఉంది, పిల్లలు ఆడుకునేది, రాసి తుడిచేసేది. పలక మీద రాసింది అందరూ చదువుతారు. ఇది ఎవరూ చదవరు.

గొంతుకు ముందు వైపు రంధ్రం పెట్టి గొట్టం దించారు. మెషీన్ తోసే గాలి అక్కడి నుంచే లోపలికి పోతుంది, అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. నోటి దాకా రాదు. గాలి రాని నోట్లో మాట ఎక్కడిది? హిందూపురం డిపోలో డ్రైవర్లు నన్ను ఎగతాళి చేసేవాళ్లు, కండక్టరు మల్లీశ్వరి బస్సులో 'రైట్' అంటే పెనుకొండ కొండ మీదికి వినపడుతుందని.

అలసటగా ఉంది.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితట. బయట ఎక్కడో తప్పెట్లు కొడుతున్నారు. ఈ గదికి కిటికీ లేదు, లైట్లు ఆర్పరు. సిస్టర్లు మారితేనే పొద్దు మారిందని తెలుస్తుంది.

జయంతి నా నుదుట కుంకుమ పెట్టింది. సాయంత్రం వాచ్‌మన్ "నల్లమ్మ ఎవరమ్మా, లోపలికి రా" అని అరిస్తే అత్త వచ్చింది. రాగానే ఆ కుంకుమ చూసింది. చెయ్యి నుదుటి దాకా తెచ్చి, జుట్టు సవరించి, తీసేసుకుంది.

సోమందేపల్లె దాటి మా ఊరు. అక్కడి నుంచి అనంతపురానికి రోజూ వస్తోంది. నేను నిద్రలో ఉండగా ఆడవాళ్లకు బస్సు ఉచితమైందట. "మీ బస్సుల్లో కాలు పెట్టేదానికి సందు లేదే" అంది. నేను లేకుండానే నా బస్సు నిండిపోతోంది.

ఆమెకు చదువు రాదు. నేను పలక మీద రాస్తే జయంతి పైకి చదివి వినిపించాలి.

'ఆయనేడి?' అని రాశాను. జయంతి చదివింది.

"చేన్లో ఉండాడు" అంది అత్త. "వానికి తగ్గిపాయె, నీకంటే ముందే ఇంటికి పంపిచ్చిరి. వాన పడె గదా. చెనిక్కాయ చెట్టుకు మందు కొట్టల్ల. వాడు లేకుంటే ఎవరు కొడతారు?"

నిజమే. ఇద్దరం ఒకే రోజు పడ్డాం. ఒకే జ్వరం, ఒకే దగ్గు. ఫ్లూ ముదిరి ఊపిరితిత్తుల్లోకి నీళ్లు చేరాయన్నారు. ఒకే అంబులెన్సులో వచ్చాం, నన్ను పడుకోబెడితే మా ఆయన తిప్పేష్ నా పక్కన కూర్చున్నాడు. ఇక్కడికి వచ్చాక నన్ను బండి మీద తోశారు. ఆయన నడిచి వచ్చాడు. నడిచి వచ్చినవాడికి ముందు తగ్గడంలో వింత ఏముంది?

ఆయన గట్టి మనిషి.

ఆగస్టు 29, శుక్రవారం

మెషీన్ తీసేసి నా అంతట నేను గాలి పీల్చుకోవాలని ఈరోజు పరీక్ష పెట్టారు. గొట్టం చివర ఆక్సిజన్ పైపు మాత్రం ఉంచారు.

మొదట బాగానే ఉంది. తర్వాత గది నా మీదికి జరిగింది. గాలి ఉంది, చుట్టూ ఉంది, జయంతి పీలుస్తోంది, డాక్టరు పీలుస్తున్నాడు, నాకు మాత్రం అందడం లేదు. సంత రోజు సోమందేపల్లె స్టాపులో బస్సు మెట్టు మీద అందరికంటే కింద నేనుంటే, పైవాళ్లందరూ వెనక్కి తోస్తే, ఛాతీ కడ్డీకి అదుముకుపోతే, అరవాలని నోరు తెరిస్తే అరుపు రాకపోతే. అలా.

"అక్కా, నన్ను చూడు. నా కండ్లల్లోకి చూడు. మెల్లగా" అని జయంతి అంటూనే ఉంది. చూశాను. చూస్తూ చూస్తూ ఆమె చెయ్యి గిచ్చేశాను.

మళ్లీ మెషీన్ పెట్టారు. అది నా ఛాతీని నింపింది. ఎంత సుఖంగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. నన్ను కట్టేసిన దాన్నే కౌగిలించుకోవాలనిపించింది.

ఆగస్టు 31, ఆదివారం

అత్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన సంగతులు చెప్పింది. ఇంకో వాన పడిందట. తలుపుల దగ్గర చెప్పులు విడిచి రమ్మంటారు కాబట్టి వట్టి కాళ్లతో వస్తుంది. మడమల పగుళ్లలో ఎర్ర దుమ్ము ఉంది. వాన పడిన చేన్లో నడిచిన కాలికి దుమ్ము ఉండదు, బురద ఎండిన పొర ఉంటుంది.

బస్టాండ్లో అంటుకుని ఉంటుంది. బస్టాండ్లో ఎప్పుడూ దుమ్మే.

సెప్టెంబరు 1, సోమవారం

మా అన్న ఆంజినప్ప తనకల్లు నుంచి వచ్చాడు. చిన్నప్పటి నుంచి వాడు అబద్ధం చెప్పలేడు. అందుకే ఈరోజు అసలు ఏమీ చెప్పలేదు. మెషీన్ మీది అంకెలు చూస్తూ నిలబడ్డాడు.

'ఆయనకు ఫోన్ చెయ్' అని రాశాను.

"నువ్వు మాట్లాడలేవు కదా పాపా."

'ఆయన మాట్లాడితే నేను వింటాను.'

వాడు పలకను చాలాసేపు చదివాడు. అందులో ఉన్నది నాలుగు మాటలు. "సిగ్నల్ లేదు పాపా ఆడ. చేను దగ్గర సిగ్నల్ దొరకదు" అన్నాడు. తర్వాత బాత్రూముకని వెళ్లి రాలేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

చేను కొండ పక్కనే. అక్కడ సిగ్నల్ నిజంగానే ఉండదు.

సెప్టెంబరు 4, గురువారం

ఈరోజు కొత్త డాక్టరు వచ్చింది. పద్మప్రియ. నా కంటే చిన్నది, సన్నటి మనిషి. స్టూలు లాక్కుని కూర్చుని మాట్లాడింది, నిలబడి కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"మల్లీశ్వరిగారూ, మీరు స్పృహలో లేనప్పుడు మేము ఒక పరిశోధన కోసం మీ రక్తం కొంచెం తీసుకున్నాం. అప్పుడు మీ అన్నగారు ఒప్పుకుని సంతకం పెట్టారు. ఇప్పుడు మీకు తెలివి వచ్చింది కాబట్టి మిమ్మల్నే అడగాలి. వద్దంటే ఆ రక్తం పారేస్తాం. మీ వైద్యంలో ఏ తేడా రాదు."

'దేనికి?' అని రాశాను.

ఆమె స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఊపిరి ఆడక వచ్చేవాళ్లందరూ పైకి ఒకేలా కనిపిస్తారు. అదే ఆయాసం, ఎక్స్‌రేలో అదే తెలుపు. అందరికీ అదే మెషీన్ పెడతాం. కొందరు కోలుకుంటారు, కొందరు కోలుకోరు. ఎందుకో మాకు సరిగ్గా తెలియదు. మనం తిన్నదీ, ఒంట్లో కరిగిందీ, జబ్బుతో పోట్లాడటానికి ఒళ్లు ఖర్చు పెట్టిందీ, అంతా చిన్న చిన్న పదార్థాలుగా రక్తంలో తిరుగుతుంటుంది. పొయ్యిలో బూడిద చూసి కంపకట్టె కాల్చారో పిడకలు కాల్చారో చెప్తారు కదా. అలాంటివి వందల రకాలు. కోలుకున్నవాళ్ల రక్తంలో అవెలా ఉన్నాయి, కోలుకోనివాళ్లలో ఎలా ఉన్నాయి, మొదటి రోజే తేడా కనిపిస్తుందా అని చూస్తున్నాం."

నాకు నచ్చింది. ఇన్ని రోజులుగా నా ఒంటి గురించి నా తల మీదుగా మాట్లాడుకున్నవాళ్లే కానీ, నాతో ఇంత మాట్లాడినవాళ్లు లేరు. 'ఎన్నిసార్లు తీశారు?' అని అడిగాను.

"మీరు వచ్చిన రోజు, మూడో రోజు, ఏడో రోజు. గొంతుకు గొట్టం పెట్టాక ఇంకోసారి. అన్నీ ఫ్రీజర్లో ఉన్నాయి."

నిద్రలో పోయాయనుకున్న నా రోజులు ఎక్కడో గడ్డకట్టి ఉన్నాయన్నమాట. తమాషాగా అనిపించింది. ఆ తమాషాలోనే రాశాను: 'మా ఆయనవి?'

"తిప్పేష్‌గారివి మొదటి రెండే..." అని ఆగిపోయింది.

ఆమె జయంతి వైపు చూసింది. జయంతి సెలైన్ సీసా వైపు చూసింది. నాకు తెలుసని ఆ డాక్టరమ్మ అనుకుంది. ఇన్ని రోజులయ్యాక కూడా చెప్పి ఉండరని ఆమెకు ఎలా తెలుస్తుంది? మొహం తెల్లబోయింది. నాకు ఆమె మీద జాలి వేసింది. పలక తుడిచి రాశాను: 'ఏడో రోజుకల్లా ఇంటికి పోయాడు కదా.'

ఆమె తల ఊపలేదు. ఊపకుండా ఉండలేక ఊపబోయి ఆగింది. నా చెయ్యి పట్టుకుని, "తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి" అని లేచింది. ఏది ఆలోచించుకోమందో.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఇంటికే పంపించి ఉంటారు.

సెప్టెంబరు 6, శనివారం

మధ్యాహ్నం జయంతి ఒక్కతే ఉన్నప్పుడు పలక మీద రాశాను. 'ఏ రోజు?'

ఆమెకు అర్థమైంది. అటూ ఇటూ చూసింది. "అక్కా, మెషీన్ తీసేదాకా చెప్పద్దన్నారు డాక్టర్లు. మీ అత్తమ్మ నేనే చెప్తా, నా నోటితో నేనే చెప్పుకుంటా అనింది. రోజూ చెప్పాలనే వస్తాది. రోజూ..."

పలకను ఆమె వైపు ఇంకా దగ్గరికి జరిపాను.

"ఐదో రోజు అక్కా. పొద్దున."

'ఎక్కడ?'

జయంతి నా కుడి పక్కకు చూపించింది. అక్కడ పచ్చని తెర. తెర వెనక మంచం. ఇప్పుడు దాంట్లో ఎవరో పెద్దాయన ఉన్నాడు, దగ్గు వినిపిస్తుంది. "నువ్వు నిద్రమందులో ఉంటివి. శానాసేపు చూసినారక్కా. అందరూ ఈడే ఉన్న్యారు. గుండె మళ్లీ కొట్టుకోలే."

చెయ్యి చాపితే ఆ తెర అందుతుంది.

ఏడుపు వచ్చింది. వచ్చిందని నాకే తెలుసు. నోరు తెరిచాను, శబ్దం లేదు. కడుపులో నుంచి తన్నుకొచ్చింది గొట్టం దగ్గర ఆగి మెషీన్‌ను తన్నింది. మెషీన్ అరవడం మొదలుపెట్టింది. ఎర్రలైటు వెలిగింది. నా మొగుడి కోసం నేను పెట్టాల్సిన శోకం అది పెట్టింది, కీ, కీ అని. ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. గొట్టంలో సన్నటి పైపు వేసి లోపలి తెమడ లాగారు. అది లాగుతుంటే ప్రాణం పైకి వస్తుంది. "ఏడవొద్దమ్మా, ప్రెషర్ పెరుగుతుంది" అన్నాడు కుర్ర డాక్టరు. తర్వాత ఏదో మందు ఎక్కించారు, నిద్ర పోయాను.

ఏడవడానికి కూడా నాకు గాలి ఇంకొకరు ఇవ్వాలి.

సెప్టెంబరు 7, ఆదివారం

మళ్లీ మెషీన్ మీదే. పరీక్ష పెట్టలేదు.

ఐదో రోజు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య.

నడిచి వచ్చాడు. నేను కాదు, ఆయన నడిచి వచ్చాడు.

సెప్టెంబరు 9, మంగళవారం

అత్త నిన్న రాలేదు. ఈరోజు వచ్చింది. ఈసారి చెప్పేస్తుందని చూశాను. చెప్పేస్తే మంచిదనీ అనుకున్నాను, చెప్పకపోతే బాగుండనీ అనుకున్నాను.

స్టూలు మీద కూర్చుని కొంగు నోటి దగ్గర పెట్టుకుంది. పెదవులు కదిలాయి. నేను కళ్లు మూసుకున్నాను.

"రాత్రి వాడు చేన్లోనే పండుకున్న్యాడే" అంది. "అడివిపందులొస్తాండాయి. టార్చిలైటు తీస్కపోయినాడు. దుప్పటి తీస్కపోరా అంటే ఇనడు. పొద్దున్నొచ్చి రెండు రాగిముద్దలు తిని, ఇంగా ఒకటి పెట్టుమా అన్న్యాడు."

కళ్లు తెరిచి ఆమెను చూశాను. ఆమె నన్ను చూడటం లేదు. గోడ మీద ఎక్కడో చూస్తోంది, అక్కడ ఆయన ముద్ద తింటున్నట్టు. ఆ మొహంలో ఒక వెలుగు. బయట ఊర్లో కర్మాంతరాలు చేసి, తలుపులు మూసుకుని ఉంటుంది. ఈ గదిలోకి వచ్చిన గంటసేపే ఆమె కొడుకు బతికి ఉంటాడు. దాని కోసం కూడా వస్తోంది ఈమె, నా కోసం మాత్రమే కాదు.

నాకు తెలుసని రాస్తే ఆ గంట పోతుంది.

పలక తీసుకుని రాశాను. చదవడానికి జయంతి నోరు తెరిచి మూసింది. నేను ఆమెను చూశాను. చదవమని చూశాను.

"మూడో ముద్ద పెట్టినావా అని అడుగుతాంది అవ్వా" అంది జయంతి, గొంతు సవరించుకుని.

"పెట్టకుండా ఉంటానా? చెనిక్కాయల ఊరుబిండి నూరి ఏసి పెడితి." అత్త నవ్వింది. అవును, నవ్వింది.

'ఆ నీలం చొక్కా ఉతికావా? కాలరు దగ్గర చినిగింది, కుట్టించు.'

జయంతి చదివింది. "కుట్టిచ్చినాలే" అంది అత్త.

అలా ఇద్దరం కలిసి గంటసేపు ఆయన్ని పోషించాం. పోయేటప్పుడు వాచ్‌మన్ రెండుసార్లు పిలిస్తే కానీ లేవలేదు. జయంతి తలుపు దగ్గర గోడ వైపు తిరిగి నిలబడింది.

సెప్టెంబరు 10, బుధవారం

ఈరోజు పొద్దున పరీక్షలో నిలిచాను. మధ్యాహ్నం దాకా నా ఊపిరి నేనే పీల్చుకున్నాను. ఆయన పక్కకు తిరిగి పడుకున్నాను, తెర వైపు.

సెప్టెంబరు 11, గురువారం

మా అన్న వచ్చాడు. వాడికి పలక చూపించాను. 'నాకు తెలుసు.'

నా కాళ్ల దగ్గర మంచం కడ్డీ పట్టుకుని ఏడ్చాడు. నలభై దాటిన మనిషి. వాడికి గాలి ఉంది, ఏడ్చాడు. తర్వాత అన్నీ చెప్పాడు, అబద్ధం బరువు దిగింది కాబట్టి. వాన పడలేదట. మా ఊరి మీద ఒక్క చినుకు పడలేదు, చెట్టు పూత దశలోనే ఎండిపోయింది. చేనికి వెళ్లేవాళ్లే లేరు.

"ఆ ముసలామె ఎవరి మొగం చూడ్డంలే పాపా. మీ ఇద్దరికీ జ్వరమొస్తే మూడు దినాలు మిరియాల కషాయం కాంచి పోసిందంట. అంతకుముందే ఆస్పత్రికి తీస్కపోయుంటే నా కొడుకు బతికేవాడు, నేనే సంపుకుంటి అని గోడకేసి తల కొట్టుకుంటాంది. ఇంటి పక్కోళ్లు పట్టుకోవల్సొస్తాంది."

నా దగ్గర కూర్చుని ముద్దలు, టార్చిలైటు చెప్పే మనిషేనా?

"నువ్వు ఈడ నుంచి లేస్తే తనకల్లుకే రావల్ల. వదిన కూడా చెప్పింది. ఇంగ ఆ ఇంట్లో నీకేముండాది? పిల్లా జెల్లా లేకపాయె. ఆమె సంగతి ఆమె చూసుకుంటాది."

'మాట వచ్చాక చెప్తాను' అని రాశాను.

"రాస్తే ఏం?"

రాయలేను. రాస్తే తుడిచేయాలి.

సెప్టెంబరు 13, శనివారం

పద్మప్రియ డాక్టరును నేనే పిలిపించాను. వచ్చీ రాగానే, "ఆ రోజు నా వల్ల..." అని మొదలుపెట్టింది. చెయ్యి అడ్డం ఊపాను. ముందే రాసి పెట్టుకున్న పలక చూపించాను.

'ఒకే జ్వరం. ఒకే రోజు. ఒకే బండి. నేనెందుకు?'

"తెలియదు" అంది.

ఇంకేదైనా అని ఉంటే ఆమెను పొమ్మనేదాన్ని.

'మీ పరీక్షలో తెలుస్తుందా?'

"మీ ఇద్దరి గురించి విడిగా తెలియదు మల్లీశ్వరిగారూ. ఇలాంటివాళ్లు కొన్ని వందల మంది రక్తం చేరాలి. అందరివీ కలిపి చూడాలి. ఏళ్లు పడుతుంది. అప్పుడు కూడా, పోయినవాళ్లలో సాధారణంగా ఫలానావి ఎక్కువ, ఫలానావి తక్కువ అని మాత్రమే చెప్పగలం. తిప్పేష్‌గారు ఎందుకు పోయారన్నది అందులో ఉండదు."

'అయితే ఆయన నడిచి వచ్చినప్పుడే రక్తంలో రాసి ఉందా?'

"రాసి ఉండటం కాదు. తలరాత లాంటిది కాదది. లోపల అప్పటికే జరుగుతున్నది, పైకి కనిపించనిది, అందులో కనిపిస్తుందేమోనని చూస్తున్నాం. కొందరి ఒళ్లు మొదటి రోజే తన దగ్గరున్నదంతా కాల్చేసుకుంటుంది. పైకి మాత్రం నడుస్తారు, మాట్లాడతారు. అలాంటివాళ్లను ముందే పట్టుకోగలిగితే ఏదైనా చేయొచ్చేమోనని మా ఆశ. ఈరోజుకైతే ఆశే. వేరే మందు లేదు."

ఒళ్లంతా కాల్చుకుంటూ నా పక్కన కూర్చుని, నా మొహం మీదికి ఈగలు రాకుండా తువ్వాలు ఊపాడు. నాకు గుర్తున్న చివరిది అదే.

'మా అత్త కషాయం పోశానని తల కొట్టుకుంటోంది. అందువల్ల కాదని చెప్పగలరా?'

"కషాయం వల్ల కాదని చెప్పగలను. ఆలస్యం వల్ల కాదని చెప్పలేను. ముందే వచ్చి ఉంటే బతికేవారేమో, అప్పుడూ బతికేవారు కాదేమో. కానీ మీరూ అంతే ఆలస్యంగా వచ్చారు."

ఆ చివరి మాట ఆమె మామూలుగానే అంది. నేను చాలాసేపు దాన్నే పట్టుకుని ఉన్నాను.

పరిశోధనలో ఉంటానని ఒప్పుకున్నాను. ఆయనది కూడా ఉంచమన్నాను. "ఆయన విషయంలో అమ్మగారిని కూడా ఒక మాట అడుగుతాను. తల్లి కదా" అంది.

సెప్టెంబరు 15, సోమవారం

రెండు రోజులుగా మెషీన్ లేదు. పక్కనే ఉంది, ఆపేసి. కుక్కను కట్టేసినట్టు. రాత్రి ఆయాసం వస్తే దాని వైపే చూస్తాను.

అత్త వచ్చింది. ఆయన జుట్టు కత్తిరించుకున్నాడట.

సెప్టెంబరు 17, బుధవారం

పొద్దున గొట్టం లోపలి బెలూన్‌లో గాలి తీసేసి, దాని మూతికి చిన్న బిరడా లాంటిది బిగించారు. గాలి లోపలికి గొట్టంలో నుంచి పోతుంది, వెనక్కి నోట్లోకి వస్తుంది. "ఏదైనా అనక్కా" అంది జయంతి.

"ఆ" అన్నాను. అది నా గొంతు కాదు. మూడు రోజులు జాతరలో అరిచిన ముసలిదాని గొంతు. జయంతి చప్పట్లు కొట్టింది. ఇంకేం మాట్లాడలేదు, గొంతు నొప్పి అని సైగ చేశాను. నొప్పి లేదు. సాయంత్రానికి దాచుకున్నాను.

సాయంత్రం అత్త వచ్చింది. స్టూలు లాక్కుంది. "నిన్న సాయంత్రం వాడు ఎనుముకు గడ్డి..." అని మొదలుపెట్టింది.

"అత్తా."

ఉలిక్కిపడి అలవాటుగా జయంతి మొహం చూసింది. జయంతి నోరు కదల్లేదు. అప్పుడు నా వైపు తిరిగింది.

"అత్తా, నేనూ ఆడే ఉంటిని. తెర ఇవతల."

కొంగు పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. "ఎవురు చెప్పినారు?" అంది.

"తెలిసె. చానా దినాలాయె."

"మరి రోజూ అడుగుతాంటివి గదే. తిన్న్యాడా, చొక్కా కుట్టిచ్చినావా అని."

"నువ్వు చెప్తాంటే బాగుండె."

ఆమె వంగి నా మంచం అంచు మీద నుదురు పెట్టుకుంది. వీపు కదులుతోంది. "నేనే సంపుకుంటి మల్లీ. కషాయం పోసుకుంటా కూసుంటి. జరం తగ్గుతాది, తగ్గుతాది అనుకుంటా. వాడు, 'నేను బాగుండా లే మా' అనె, నేను నమ్మితి."

మాట మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాను. "నాకూ పోస్తివి. అదే చెంబు, అదే గ్లాసు. అన్నే దినాలు. నేను బతికుండా."

తల ఎత్తి నన్ను చూసింది. ఇన్నాళ్లూ నన్ను చూసిందో లేదో కానీ, ఇప్పుడు చూసింది. గొంతులో గొట్టం, ఎముకలు తేలిన మెడ, నుదుట జయంతి రోజూ పెట్టే కుంకుమ.

"లోపల తేడాలుంటాయంట అత్తా. పైకి కనపడవంట. ఆయమ్మ డాక్టరు చెప్పింది. ఆమెకే తెలీదంట ఇంకా."

ఆలస్యం సంగతి నేను ఎత్తలేదు. డాక్టరు చెప్పలేనన్నది నేనూ చెప్పలేదు. అది ఆమెలోనూ ఉంటుంది, నాలోనూ ఉంటుంది.

అప్పుడు ఏడ్చింది. గొంతెత్తి, పేరు పెట్టి, "తిప్పేసూ, నాయనా" అని. ఆ గదిలో అలా ఏడవకూడదు. తెర అవతలి పెద్దాయన దగ్గు ఆగిపోయింది. కుర్ర డాక్టరు తలుపు దాకా వచ్చాడు. జయంతి వెళ్లి అతనికి అడ్డంగా నిలబడింది. నాకు కూడా శబ్దం వచ్చింది. గరగరమని, పగిలిపోయి, నా శబ్దమే. ఏ మెషీనూ అరవలేదు.

సెప్టెంబరు 18, గురువారం

అత్త వచ్చింది. ఏమీ చెప్పలేదు. నా కాళ్లు ఒత్తింది.

సెప్టెంబరు 22, సోమవారం

వార్డుకు మార్చారు. కిటికీ ఉంది. కిటికీలోంచి నీళ్ల ట్యాంకు, ఎండలో తెల్లటి గోడ. అంతే, అయినా చూస్తూనే ఉన్నాను. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గొంతు రంధ్రం మూసుకోవడానికి ఇంకా టైం పడుతుందట. మళ్లీ బస్సెక్కి టికెట్లు కొట్టగలనో లేదో ఎవరూ చెప్పడం లేదు. నేనూ అడగడం లేదు.

అన్న తనకల్లు సంగతి మళ్లీ ఎత్తాడు. నేను అత్త దగ్గరికే పోతానని నోటితో చెప్పాను.

"ఆమెను సాకేదానికి పోతావా ఈ ఒంటితో?" అన్నాడు.

"ఎవరు ఎవర్ని సాకుతారో చూద్దాంలేన్నా" అన్నాను. అంతకంటే వాడికి చెప్పడం చేతకాలేదు. ఆయన మూడో ముద్ద అడుగుతాడని తెలిసిన మనుషులు ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలాం. ఒకరు తనకల్లులో, ఒకరు అక్కడ ఉంటే ఆ మాట ఎవరితో అనాలి?

మధ్యాహ్నం పద్మప్రియ డాక్టరు వచ్చింది, ఆఖరిసారి నా రక్తం తీసుకోవడానికి. చెయ్యి చాపాను. సూది దిగుతుంటే అత్త పక్కనే నిలబడి చూసింది. సన్నటి సీసా నిండాక డాక్టరు దాని మీద కాగితం అంటించి, అత్త వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. తిప్పేష్ రక్తం కూడా తమ దగ్గర ఉందని, తల్లిగా వద్దంటే తీసేస్తామని, ఉండనిస్తే రేపు ఇలాంటి జబ్బుతో వచ్చే ఎవరికైనా పనికి రావచ్చని, రాకపోవచ్చని.

అత్తకు మొదటి మాట తర్వాత ఏదీ వినపడలేదనుకుంటాను.

"వాని రక్తమా? ఇంగా ఉండాదా?"

"ఉందమ్మా. రెండు చిన్న సీసాలు."

"యాడ?"

"ఫ్రీజర్లో. బాగా చల్లగా ఉండే పెట్టె."

అత్త నా మంచం కడ్డీ పట్టుకుంది. ఆ పెట్టె ఎట్లుంటుందో, ఎంత చల్లన ఉంటుందో అడిగింది. మంచు కంటే చలి అని డాక్టరు చెప్పింది.

"అంత సలికి ఏం గాదా తల్లీ?"

డాక్టరు మొహం ఒక్క క్షణం కిందికి దించుకుంది. "ఏం కాదమ్మా. ఎన్నేళ్లైనా అట్లే ఉంటుంది."

అత్త మంచం కడ్డీ వదిలింది.

"అట్లయితే ఉండనీ" అంది.